మన్రో దొర – చెట్టు నాటు రైతు

పులివెందులనుండి వేంపల్లె మీదుగా పోయినచో, పాపఘ్నీనది కొండలను చీల్చుకొని వెలువడు గండి క్షేత్రము కానవచ్చును. ఇరువైపుల నిలువునా లేచిన కొండలు, నడుమ నది, ఒడ్డున వీరాంజనేయస్వామి ఆలయము. లంకనుండి మరలివచ్చు శ్రీరామచంద్రునకు స్వాగతముగా వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టెననియు, అది నేటికిని అచటనే యున్నదనియు, పుణ్యాత్ములకు మాత్రమే, అదియు అంత్యకాలము సమీపించినప్పుడే, అది కంటబడుననియు ఆ ప్రాంతమున చెప్పుకొందురు. ఆ తోరణమును చూచినవారిలో ఒక తెల్లదొర పేరు కూడ చెప్పుదురు. ఆయనయే సర్ థామస్ మన్రో. చూచిన కొలది కాలమునకే ఆయన కన్నుమూసెనని జనశ్రుతి.

చరిత్రకారునకు ఇది కేవలము కథ. కాని కథలు ఊరక పుట్టవు. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి బృందావనమునుండి వెలువడి ఆయనతో మాటాడెనని ఒక కథ. తిరుమలలో నైవేద్యము వండు ఒక పాత్రకు మన్రో గంగాళమని పేరు. రాయలసీమ పల్లెలలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నవారును కలరు. పన్ను వసూలు చేయవచ్చిన అధికారికి ప్రజలు పుణ్యాత్ముల పంక్తిలో పీట వేయుట లోకమున అరుదు. ఈ ఆదరమునకు కారణమును గుడులలో గాక పొలములలో వెదకవలెను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నేడు కొందరు రైతులకు ఒక కోరిక కలుగుచున్నది. ఉన్న నాలుగైదు ఎకరములలో అడవిని పోలిన తోటను పెంచవలెనని ఆ కోరిక. 1978లో ఆస్ట్రేలియా దేశస్థులైన బిల్ మాలిసన్, డేవిడ్ హోంగ్రెన్ అను వారు ఇట్టి సేద్యమునకు పెర్మాకల్చర్ అని పేరు పెట్టి ఒక గ్రంథము వెలువరించిరి. శాశ్వతమైన వ్యవసాయమని దాని భావము. ఎత్తైన చెట్టు నీడలో నడితరపు చెట్టు, దాని క్రింద పొద, పొద ప్రక్కన తీగ, మట్టిలో దుంప. ఇట్లు అంతస్తులుగా పైరును పెంచుట ఇందలి మర్మము. వాన నీరు వాలు వెంట పరుగిడకుండ అడ్డముగా కందకములు త్రవ్వుదురు. పల్లమున కుంట ఏర్పరతురు. రాలిన ఆకును కాల్చక నేలకు దుప్పటిగా కప్పుదురు. గట్లమీద వేప, కానుగ నాటి, వాని రొట్టను మరల మట్టికే ఇత్తురు. ఒక్కమారు కుదురుకొన్న పిమ్మట అడవి ఎవరును దున్నకయే, ఎవరును ఎరువు వేయకయే బ్రదుకునట్లు, ఆ తోటయు తనంత తాను చాలవరకు బ్రదుకును.

అయితే కుదురుకొనుటకు కాలము కావలెను. కొర్రయు జొన్నయు మూడు నాలుగు నెలలలో ఇంటికి వచ్చును. సీతాఫలము కాపునకు మూడు నాలుగేండ్లు పట్టును. మామిడి అంటునకు నాలుగైదేండ్లు. విత్తునుండి మొలచిన చింతకు ఎనిమిది, పదేండ్లు. కడప కొండల సొత్తైన ఎర్రచందనము చేవదేరుటకు పాతికేండ్లును చాలవు. కావున ఇట్టి తోట పెంచదలచిన రైతు మొదట అడుగవలసినది నీటినిగూర్చి కాదు, విత్తనమునుగూర్చి కాదు. ఈ చెట్టు కాచునాటికి ఈ నేల నాదేనా, ఆ కాయలో నా భాగమెంత యను రెండు ప్రశ్నలే మొదట అడుగవలెను. రెండువందల యేండ్ల క్రిందట ఈ రెండు ప్రశ్నలనే ఈ గడ్డమీద నిలిచి తన ప్రభుత్వమును అడిగినవాడు మన్రో.

ఆయన 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారము చేయు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధముతో ఆ వ్యాపారము కూలిపోయెను. ఇంట కలిమి తరిగినప్పుడు పెద్ద చదువు చదివిన కుమారునకు కంపెనీ సైన్యములో ఒక చిన్న కొలువు దొరకెను. అప్పటికి ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదివియుండెను. డాన్ క్విక్సోట్ కథను మూలములో చదువుటకై స్పానిషు భాషను స్వయముగా నేర్చుకొనియుండెను. చిన్ననాట వచ్చిన తట్టువలన చెవి కొంత మందము. 1780 జనవరిలో మద్రాసు రేవున దిగునాటికి ఆయనకు పందొమ్మిదేండ్లు నిండలేదు. ఆ యేడే హైదరాలీ కర్ణాటకముపై విరుచుకుపడెను. తొలి పండ్రెండేండ్లును ఆయన జీవితము హైదరు మీదను, టిప్పు మీదను జరిగిన దండయాత్రల నడుమ గుడారములలో గడచెను. ఊళ్ళు తగులబడుట, చెరువులు తెగుట, రైతులు నాగళ్ళు విడిచి అడవులు పట్టుట, ఇవి ఆయన చూచిన తొలి భారతదేశ దృశ్యములు.

1792లో టిప్పు విడిచిన బారామహల్ ప్రాంతమును చక్కదిద్దుటకు అలెగ్జాండర్ రీడ్ అను సైనికాధికారిని నియమించిరి. ఆయన సహాయకులలో మన్రో ఒకడు. కత్తి పట్టిన చేతికి అచట గొలుసు పట్టు పని తగిలెను. ఊరూర తిరిగి, చేనుచేనును కొలిచి, దున్నువానితోనే నేరుగ మాటాడి శిస్తు నిర్ణయించు పద్ధతిని రీడ్ ఆరంభించెను. అదియే పిదప రైత్వారీ యనబడెను. ఏడేండ్ల ఆ కాలములో మన్రో ధర్మపురిలో తనకై ఒక తోటను పెంచుకొనెను. రోజంతయు లెక్కలతో వేగిన పిమ్మట సాయంకాలము ఆ చెట్ల నడుమ తిరుగుట ఆయనకు విశ్రాంతి. ఆ చోటు విడిచిపోవలసి వచ్చినప్పుడు కొలువుకంటె ఆ తోటను విడుచుటయే ఆయనకు బరువైనట్లు ఆయన ఇంటికి వ్రాసిన లేఖలవలన తెలియుచున్నది. తన చేత నాటిన చెట్టును విడిచిపోవుట యెట్లుండునో ఆయనకు అనుభవమున తెలియును. రైతును అర్థము చేసికొనుటకు ఈ యనుభవము కొంత తోడ్పడియుండును.

ఆ కాలముననే, 1793లో, కారన్‌వాలిస్ వంగదేశమున శాశ్వత పైసలాను నెలకొల్పెను. శిస్తు ఎన్నటికిని మారదు, కాని ఆ హామీ జమీందారునకు. దున్నువాడు ఆతని దయమీద ఆధారపడవలసినదే. 1802 మొదలుకొని ఉత్తర సర్కారులలోను అదియే వచ్చెను. శాశ్వతమను మాటకు అర్థమేమియను వివాదము అప్పుడే పుట్టినది. శిస్తు శాశ్వతమైన చాలునా, లేక నేలతో రైతునకుగల సంబంధము శాశ్వతము కావలెనా? మన్రో రెండవ పక్షమువాడు. చెట్టు నాటునది జమీందారు కాడు, రైతని ఆయన ఎరుగును.

శ్రీరంగపట్టణము పడిన పిమ్మట కొంతకాలము కన్నడ తీరమున పనిచేసి, 1800 చివర ఆయన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చెను. సైన్యవ్యయమునకు బదులుగా నిజాము ఆ యేటి అక్టోబరులో కంపెనీకి ధారపోసిన భూభాగమది. బళ్ళారి, అనంతపురము, కడప సీమలు, కర్నూలు సీమలో కొంత అందు చేరియున్నవి. 1928లో నంద్యాలలో జరిగిన మహాసభలో రాయలసీమ యని పేరు పెట్టువరకును జనుల నోట దీనికి దత్తమండలమనియే వాడుక. మన్రో వచ్చునప్పటికి ఇచట ఎనుబదిమంది పాలెగాండ్రు, వారి చేతిక్రింద సుమారు ముప్పదివేల ఆయుధధారులు ఉండిరి. ఒకే పంటమీద ఒకసారి సర్కారు, ఒకసారి పాలెగాడు, ఒకసారి దండు పోవు సైన్యము చేయి చాచుచుండెను. అట్టి చోట బావి త్రవ్వువాడు వెఱ్ఱివాడు. మామిడి నాటువాడు అంతకంటె వెఱ్ఱివాడు. కోతకు వచ్చిన జొన్నను రాత్రికి రాత్రి దాచవచ్చును గాని చెట్టును దాచుటకు వీలులేదు గదా!

నేలలు మూడు విధములు. జమ్మలమడుగు చుట్టుపట్ల నల్లరేగడి. పెన్న గండికోట కొండలను దాటి బయలుపడు చోట ఆ నల్లమన్ను విస్తారముగా పరచుకొనియున్నది. ఒక్క మంచి వాన కురిసినచో అది నెలల తరబడి తేమను కడుపులో దాచుకొనును. అందుచే జొన్న, ప్రత్తి అచట నిలిచినవి. ప్రొద్దుటూరు పెన్న ఒడ్డున యున్నది. తరువాతి కాలమున కర్నూలు – కడప కాలువ వచ్చి ఆ ప్రాంతమున తరిసేద్యము పెంచినది. పులివెందుల వైపు మెరక. అచట చేనికి ప్రాణము బావియే. కపిల కట్టి ఎద్దులతో తోడిన నీరే తోటకు ఆధారము. నేడు చీని తోటలకు ప్రసిద్ధి గాంచిన ఆ సీమలో తోటయన్న మాటకు వెనుక ఎప్పుడును ఒక బావి, ఆ బావికి వెనుక ఒక కుటుంబము తరతరముల చెమట ఉండును. రాతినేలలో బావి త్రవ్వుట యొక యేటి పని కాదు. చెట్టువలెనే బావియు భవిష్యత్తుమీది నమ్మకమే.

మన్రో బంగళాలో కూర్చుండి ఈ సీమను ఏలలేదు. ఏడాదిలో చాల భాగము గుడారమే ఆయనకు ఇల్లు. తెలుగు, కన్నడము, హిందూస్థానీ మాటాడగలడు. చెట్టుక్రింద రెడ్లు, కరణములు, రైతులు చుట్టు చేరగా ఉదయమునుండి చీకటిపడువరకు వారి మొరలు వినుట ఆయన నిత్యకృత్యము. పాలెగాండ్ర అణచివేత ముగియుచుండగనే 1802 జూన్‌లో భూమి కొలతను ఆరంభించెను. నాటికి దత్తమండలములన్నిటిలో నేల కొలుచుట తెలిసినవారు ఆయన కచేరిలోని నలుగురు గుమాస్తాలే. వారు మరి పండ్రెండుగురికి నేర్పిరి. అక్టోబరు చివరకు ఏబదిమంది, మరుసటి యేటికి నూరుమంది అయిరి. ముప్పదిమూడు అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పుగల చదరములు నలువదియైన ఒక ఎకరము. కొండలను, బండలను విడిచి సాగునేలను, బీడును చేనుచేనుగా కొలిచిరి. వారి వెనుక మదింపుదారులు వచ్చి మన్ను చూచి తరగతి నిర్ణయించిరి. 1806 నాటికి ఆ మహాకార్యము ముగిసెను. తన చేను హద్దు ఇది, తన శిస్తు ఇంత యని కాగితముమీద పేరు పేరున తెలియుట ఈ సీమ సామాన్య రైతులలో అనేకులకు క్రొత్త సంగతి.

ఇంతమాత్రముచేత ఆయనను దాతగా వర్ణించుట సత్యము కాదు. ఆయన కంపెనీ సేవకుడు. ఏడేండ్లలో దత్తమండలముల రాబడి సుమారు పదిలక్షల వరహాలనుండి పదునైదు లక్షలకు పెరిగెను. అనావృష్టియు, చెరువులు తెంచిన అతివృష్టియు రెండును ఆ యేండ్లలోనే వచ్చినను శిస్తు తగ్గలేదు సరికదా సగమునకు సగము పెరిగినది. ఆ ధనము ఈ రైతుల కళ్ళములనుండి పోయినదే. తాను విధించిన శిస్తు అధికమని అందరికంటె ముందు గుర్తించినవాడు కూడ మన్రోయే యనుట ఆయనయందలి విశేషము.

1807 ఆగస్టులో, సెలవుపై స్వదేశమునకు పోవుటకు ముందు, ఆయన ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. ఆయన జీవితమంతటిలో రైతులకు ముఖ్యమైన పత్రమది. అందలి లెక్క సులభము. పండినదానిలో నూటికి నలువదియైదు పాళ్ళు సర్కారు కొనుచున్నది. అందులో నాలుగవ వంతు తగ్గించినచో సుమారు ముప్పదినాలుగు, అనగా పంటలో మూడవ వంతు, మిగులును. సర్కారు భాగము మూడవ వంతుకు మించినంత కాలము నేలకు విలువ పుట్టదు. ఎవడును దానిని కొనడు, అమ్మడు, బాగుచేయడు. మూడవ వంతుకు దిగినప్పుడే రైతు ఆ నేలను తనదిగా చూచును. బావి నీటితోను, వాగునుండి తోడిన నీటితోను పారు భూములకు మరి ఎనిమిది పాళ్ళు కలిపి, మొత్తము నూటికి ముప్పదిమూడు తగ్గింపవలెనని ఆయన సూచించెను. రైతు ఆ బావులను, గట్లను తన ఖర్చుతోనే కాపాడుకొనవలెను. చిన్న చెరువుల మరమ్మతు తామే చూచుకొందుమని ఒప్పుకొన్న రైతుల భూములకును అట్టి తగ్గింపే కోరెను. శిస్తు అంతటితో స్థిరపడవలెను. రైతు తన పట్టాలోని నేలను బాగుచేసికొన్నచో ఆ ఫలము ఆతనికే దక్కవలెను.

ఇందు ఒక సూక్ష్మమున్నది. పాత పద్ధతిలో బావి త్రవ్వి మెట్టను తోటగా మార్చిన రైతునకు బహుమానము హెచ్చు శిస్తు. శ్రమించినవానికి దండన, బీడు పెట్టినవానికి మినహాయింపు. మన్రో ఈ తక్కెడను తలక్రిందులు చేయజూచెను. నీరు నిలుపువానికి, నేలను కాచువానికి సర్కారే కొంత విడువవలెను. నేడు శాశ్వత వ్యవసాయమునుగూర్చి చెప్పువారు మట్టికి, నీటికి, చెట్టుకు గల పొత్తును వివరింతురు. మన్రో ఆ పొత్తులో మరియొక అంగమును చూపెను. అది హక్కు. హక్కు లేని చేతికి మట్టిమీద మమకారము నిలువదు.

ప్రభుత్వము వినలేదు. ఆయన ఓడ ఎక్కిన మరుసటి యేడే రెవిన్యూ బోర్డు రైత్వారీని తీసివేసి, ఊళ్ళకు ఊళ్ళను మూడేండ్ల కౌలునకు, పిదప పదేండ్ల కౌలునకు గుత్తదారుల కిచ్చెను. గుత్తదారునకు చెట్టుతో పనిలేదు. గడువులోపల పిండినంత పిండుకొనుటయే ఆతని ధర్మము. హెచ్చు పాటకు పాడినవారు పెక్కురు తామును చితికి, రైతులను చితికించిరి. సీమలో సాగు తగ్గెను. ఇంతలో 1813లో కంపెనీ అధికారపత్రము తిరుగవ్రాయు సందర్భమున పార్లమెంటు మన్రోను పిలిచి ఇండియా విషయములు అడిగెను. అచటకూడ ఆయన రైతు పక్షమే మాటాడెను. 1814లో జేన్ కాంబెల్‌ను పెండ్లాడి, న్యాయ విచారణ, పోలీసు శాఖల సంస్కరణకై మరల మద్రాసునకు వచ్చెను. 1817–18 మహారాష్ట్ర యుద్ధమున సేనానిగా పేరు గాంచి, 1820 జూన్‌లో మద్రాసు గవర్నరు పీఠమెక్కెను. అప్పుడు, పదమూడేండ్ల క్రిందట తాను వ్రాసిన కాగితమును తానే అమలు పరచు అవకాశము కలిగెను. దత్తమండలములలో కౌలు పద్ధతి పోయెను, రైత్వారీ మరల వచ్చెను. శిస్తులో పావు భాగము, తోటభూములకు మూడవ వంతు తగ్గెను. ఒక తరము రైతులు ఎదురుచూచిన మాట ఆలస్యముగానైనను నెరవేరెను. మన్రోలప్ప లీ కాలమున పుట్టిన బిడ్డలే కావచ్చును.

చెట్టు విషయమున ఆయన నమ్మకము ఒకచోట పొరబడెను. దానిని దాచుట న్యాయము కాదు. 1806లో మలబారు అడవులకు కాప్టన్ వాట్సన్ అను అధికారిని సంరక్షకునిగా నియమించి, టేకుమీద కంపెనీ గుత్తాధికారము స్థాపించిరి. నౌకల నిర్మాణమునకు కలప కావలెనని ఆ యేర్పాటు. తమ నేలలోని చెట్టును తాము కొట్టరాదని అడ్డగించుటచే యజమానులు, కలప వర్తకులు మొరపెట్టుకొనిరి. మన్రో 1822లో ఆ పద్ధతిని తీవ్రముగా ఖండించి, మరుసటి యేట దానిని ఎత్తివేయించెను. చెట్టు తనదైనప్పుడు యజమాని దానిని కాపాడుకొనును, కొట్టినచోట మరల నాటును, సర్కారు నడుమకు రానవసరము లేదని ఆయన వాదము. పెరటిలోని చింతకు, గట్టుమీది మామిడికి ఈ వాదము సరిపడును. ఎవరికిని చెందని, అందరును ఎగబడు మహారణ్యమునకు సరిపడలేదు. కొన్ని దశాబ్దములలో టేకు అడవులు పలుచబడెను. తుదకు 1856లో మద్రాసు ప్రభుత్వము హ్యూ క్లెగ్‌హార్న్ అను వైద్యుని క్రింద అటవీసంరక్షణ శాఖను క్రొత్తగా నెలకొల్పవలసి వచ్చెను. నాటువానికి హక్కు కావలెను. నిజమే. కాని నాటువాడు లేని అడవికి కావలివాడు కావలెను. ఈ రెండవ సగమును మన్రో చూడలేదు.

పాలెగాండ్ర వంశములకును ఆయన స్మృతి తీయనిది కాదు. కోటలు పోయి, సైన్యము పోయి, వారు నెలకు కొన్ని రూపాయల పింఛనుదార్లైరి. ఆ అసంతృప్తి రెండు తరముల పిమ్మట ఉయ్యాలవాడ నరసింహారెడ్డి రూపమున 1846లో భగ్గుమనినది. 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిరి. మన్రోను కొలిచిన సీమయే నరసింహారెడ్డినిగూర్చి పాటలు కట్టుకొన్నది. ప్రజల జ్ఞాపకము ఒక పక్షమునకు అమ్ముడుపోవునది కాదు. రైతునకు మేలు చేసినందుకు ఒకరిని, పరపాలనకు తలవంచనందుకు మరియొకరిని అది ఒకే గుండెలో నిలుపుకొన్నది.

గవర్నరుగా నున్న కాలమున మన్రో ఇతర కార్యములు పెక్కు చేసెను. 1822లో రాజధాని జిల్లాలన్నిటిలోని దేశీయ పాఠశాలలను లెక్కింపజేసెను. ఉన్నతోద్యోగములలో భారతీయులకు చోటీయవలెనని వాదించెను. 1825లో బారొనెట్ బిరుదము పొందెను. 1826లో బిడ్డకు జబ్బుచేసి భార్య ఇంగ్లండునకు పోయెను. తానును పదవి విడిచిపోవుటకు అనుమతి కోరి, రావలసిన గవర్నరుకై ఎదురుచూచుచుండెను. ఆ నిరీక్షణ కాలమున కడసారి దత్తమండలములను చూడవలెనను కోరిక ఆయనకు పుట్టెను. 1827 వేసవి చివర బయలుదేరెను. కలరా ప్రబలియుండెను. జూలై మొదటి వారమున గుత్తి చేరి, అచటనుండి పత్తికొండకు పోయెను. వెంటనున్నవారిలో కొందరికి వ్యాధి సోకెను. 6వ తేదీ ఉదయము ఆయనకును సోకెను. ఆ రాత్రికే, గుడారములలో ఆరంభమైన ఆ జీవితము గుడారములోనే ముగిసెను. వయస్సు అరువదియారు. మొదట గుత్తిలో సమాధి చేసిరి. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. మద్రాసు మౌంటురోడ్డులో ఆయనకు గుఱ్ఱముపై కూర్చున్న కంచువిగ్రహము వెలసెను. కాని ఆయనకు తగిన స్మారకము అది కాదు. మరణించిన చోట, పత్తికొండలో, ప్రభుత్వము ఒక తోపు నాటించి, ఒక బావి కట్టించెను. చెట్టు, బావి! ఆయన జీవితమున వాదించినదంతయు ఆ రెంటిలో ఇమిడియున్నది.

ఆయన పోయిన పిమ్మట రైత్వారీ చెన్నరాజధాని అంతటను వ్యాపించెను. కాని ఆయన ఆశించిన స్థిరత్వము పూర్తిగా రాలేదు. శిస్తును ఎన్నటికిని మార్చకుండుటకు మారు ముప్పదేండ్లకొకసారి తిరిగి నిర్ణయించు పద్ధతి వచ్చెను. సర్కారు చేయి తగ్గినచోట వడ్డీవ్యాపారి చేయి పెరిగెను. 1876లో ఆరంభమైన ధాత కరువు దత్తమండలములను ఊడ్చివేసెను. పట్టా యున్నను, వాన లేనిచో పట్టా పచ్చబడదు. 1882 అటవీచట్టముతో కొండలు రిజర్వు అడవులై, మేతకును వంటచెరకునకును రైతు గట్టుమీది చెట్టునే చూచుకొనవలసి వచ్చెను. హక్కు ఒక్కటియే చాలదు. హక్కుతోపాటు నీటిని నిలుపు నేర్పు, మట్టిని కప్పు శ్రద్ధ కూడ కావలెనని ఆ కరువు నేర్పెను. ఈ పాఠమును నేటి అడవితోటల రైతులు మరల నేర్చుకొనుచున్నారు.

అయినను మన్రో అడిగిన ప్రశ్న తీరినదా? నేడు ఆంధ్రదేశమున నేలను దున్నువారిలో కౌలుదార్లు పెక్కురు. 2019లో వచ్చిన పంటసాగుదార్ల హక్కుల చట్టము వారికి గుర్తింపు పత్రము చూపినది, కాని ఆ ఒప్పందపు గడువు పదునొకండు నెలలు మాత్రమే. పదునొకండు నెలలలో వేరుసెనగ పండును, చింత పండదు. కందకము త్రవ్వి, కుంట తీసి, ఆకు కప్పి మట్టిని బ్రతికించుటకు మూడేండ్లైనను కావలెను. ఆ మూడేండ్ల శ్రమ ఫలించుసరికి నేల మరియొకని కౌలునకు పోవునేమోయను భయము గలవాడు ఏ శాశ్వత వ్యవసాయమును చేయగలడు? పులివెందుల మెరకలో అడవితోట పెంచగలిగినవారు నేలగలవారే యగుటకు కారణమిదియే. 1808లో ఊళ్ళను మూడేండ్ల గుత్తకిచ్చినప్పుడు జరిగిన దానికిని, నేడు చేలను ఏటేట కౌలు మార్చునప్పుడు జరుగుదానికిని మట్టి దృష్టిలో పెద్ద భేదము లేదు.

మన్రో దేవుడు కాడు. పరదేశపు వర్తక సంఘమునకు పన్ను కూర్చినవాడు. అడవి విషయమున తప్పటడుగు వేసినవాడు. కాని చెట్టును చూచినప్పుడు దాని నాటిన చేతిని కూడ చూచినవాడు. గండిలోని బంగారు తోరణము ఆయన కన్నులకు కనబడెనో లేదో ఎవరు చెప్పగలరు? పెన్న ఒడ్డున, పాపఘ్ని ఒడ్డున తన బావి నీటితో తాను నాటిన మామిడికి రైతు స్వహస్తముతో కట్టుకొను మావిడాకుల తోరణమునుమాత్రము ఆయన ముందుగనే ఊహించెను. ఆ తోరణము ప్రతి గడపకును, కౌలువాని గడపకును కూడ, చేరిననాడు ఆయన నివేదికలోని చివరి పంక్తి అమలైనట్లు.